నూనె లేని బండి చప్పుడు

నాచారంలో, మూతబడ్డ దారం మిల్లు వెనక సందులో, ఒక రేకుల షెడ్డు ఉండేది. ఇప్పుడు అక్కడ అపార్టుమెంటు లేచింది. కాబట్టి సరిగ్గా ఎక్కడ అని నన్ను అడగకండి. పాపం, లోను కట్టుకుంటూ అందులో ఉంటున్నవాళ్లు నిద్రపోవాలి కదా.

ఆ రోజుల్లో పొద్దు గూకితే ఆ సందులోకి ఎవరూ అడుగు పెట్టేవారు కాదు.

ఎందుకంటే... తాళం వేసి ఉన్న ఆ షెడ్డులోంచి కారు ఇంజన్ చప్పుడు వచ్చేది. బండి బయటికి రాదు, ఎక్కడికీ పోదు. ఎవరినో ఎక్కించుకోవడానికి గుమ్మం ముందు ఆగిన కారులాగా, నిలబడి మోగుతూ ఉండేది. టిక్ టిక్... టిక్ టిక్... టిక్ టిక్...

డ్రైవరు రామస్వామి అనేవారు. పాతకాలంలో ఒక దొరగారి దగ్గర పనిచేశాడట. ‘ఇంజన్ ఆపకు, ఇప్పుడే వస్తా’ అని లోపలికి వెళ్లిన దొర మళ్లీ రాలేదట. రామస్వామి ఇంజన్ ఆపలేదు. చచ్చిపోయాక కూడా ఆపలేదు...

అయ్యా, వెనక ఉన్నవాళ్లు కాస్త ముందుకు జరగండి. భజన అయిపోయింది, పులిహోర ఇంకా పొయ్యి మీదే ఉంది, బయట వాన. ఎక్కడికి పోతారు? ఆంజనేయస్వామి ముందు కూర్చున్నవాళ్లకు భయం ఎందుకు? వినండి.

ఈ కథ నాకు చెప్పినవాడు దయాకర్. ఉప్పల్‌లో మా వెనక వీధి. బల్బుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మనిషి మంచి దిట్టం. నడుము చుట్టూ ఒక లారీ ట్యూబు వేసుకున్నట్టు ఉంటాడు. నవ్వకండి, ఆ పొట్టతో మనకు తర్వాత పని ఉంది.

రెండువేల ఆరు ప్రాంతంలో అతగాడికి పాత కార్ల పిచ్చి పట్టింది. అంబర్‌పేట్‌లో ఒక డాక్టరుగారి వెనకింట్లో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న మోరిస్ బండి ఒకటి దొరికింది. కోళ్లను దింపి, బండిని లారీకి కట్టి లాక్కొచ్చి, నాచారంలో ఆ షెడ్డు అద్దెకు తీసుకుని అందులో పెట్టాడు. అందరి ఇంజన్లలాంటిది కాదు దానిది. వాల్వులు తల మీద ఉండవు, పక్కన ఉంటాయి. పైన మూత రొట్టెల పీటలాగా చదునుగా ఉంటుంది. సైడ్ వాల్వు ఇంజన్ అంటారు. మనం పుట్టకముందు మాట.

దాన్ని బాగుచేయడానికి తోడు దొరికినవాడు ఉప్పలయ్య. అదే సందు చివర ఇల్లు. ముసలి మెకానిక్కు. నోరు పెద్దది, కోపం అంతకంటే పెద్దది. దయాకర్ ఆయన్ని మామా అనేవాడు, ఆయన ఇతన్ని అల్లుడా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు, పోట్లాడుకోవడానికి వీలుగా ఉంటుందని.

పోట్లాటంతా నూనె గురించే.

బండి స్టార్టయితే అయ్యింది కానీ టిక్ టిక్ మని ఒకటే చప్పుడు. దయాకర్‌కు ఆ చప్పుడు ముల్లులా గుచ్చుకునేది. కొత్త కార్లకు పోసే పలచటి, ఖరీదైన ఆయిల్ పోస్తే చప్పుడు పోతుందని అతని పట్టు. ఉప్పలయ్య ఇంతెత్తున లేచేవాడు.

“ఏంది అల్లుడా, నీకు తెల్వదా? గా కొత్త నూనెల సబ్బు గుణం ఉంటది. లోపల అడుగున ఎన్నో ఏండ్ల మడ్డి పేరుకోని ఉన్నది. నీ సబ్బునూనె పోయి దాన్ని లేపుతది. అది లేసిపోయి సన్న తొవ్వలల్ల అడ్డం పడ్తది. బేరింగులకు నూనె అందదు. ఇంజన్ పట్టేస్తది. పండుకున్నదాన్ని పండుకోనియ్యి.”

“మామా, ఏ కాలంల ఉన్నవే నువ్వు?”

“బండి ఏ కాలందో నేను గా కాలంల ఉన్న.”

సరే. ఇప్పుడు ఒక రహస్యం చెబుతాను. రామస్వామి అనే మనిషి లేడు.

అవునండీ. లేడు. దొర లేడు, డ్రైవరు లేడు. అంతా దయాకర్ పుట్టించిందే. షెడ్డు తీసుకున్న కొత్తలో ఎవరో పాత ఇనుము ఏరుకునేవాళ్లు తాళం పగలగొట్టి బండి ముందు దీపాలు రెండూ ఎత్తుకుపోయారు. కాపలా పెట్టే స్తోమత లేదు. దాంతో ఉపాయం ఒకటి పన్నాడు. టిక్ టిక్ మనే ఆ ఇంజన్ చప్పుడును ఒక క్యాసెట్లో రికార్డు చేశాడు. రోజూ సాయంత్రం ఇంటికి పోయే ముందు, అటక మీద టేప్ రికార్డరులో దాన్ని నొక్కేసి, తాళం వేసి పోయేవాడు. సందు మొదట్లో కామరాజు అని ఒకాయన చాయ్ దుకాణం. ఆయన చెవిలో రామస్వామి కథ వేశాడు. కామరాజు చెవిలో వేస్తే ఇక నాచారం అంతా వేసినట్టే.

కథ బాగా పట్టింది. పట్టిన కొద్దీ దయాకర్ దానికి మసాలా దట్టించాడు. రామస్వామి ఒక్కడే ఉండలేక మనుషుల్ని పిలుస్తాడన్నాడు. మనకు ఎరుకైనవాళ్ల గొంతుతోనే పిలుస్తాడన్నాడు. “పలికినవా అన్నా... అయిపాయె. బండెక్కిస్తడు” అన్నాడు.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. పొట్టను, ఆ మాటను.

అది ఒక శనివారం. దసరా వెళ్లిన కొత్త. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి దయాకర్ పొద్దున్నే షెడ్డుకు పోయాడు. ఇవాళ పాత నూనె దింపి కొత్తది పోయాల్సిందే అన్నాడు. ఉప్పలయ్యతో పెద్ద గొడవయింది. ఆయన “నువ్వు పోస్తే నేను మళ్ల నీ గడప తొక్కను” అని తువ్వాలు దులుపుకుని పోయాడు.

మధ్యాహ్నం దయాకర్ భార్య స్వర్ణలత టిఫిన్ తెచ్చి పెట్టి వెళ్లింది. తిని, చేతులు కడుక్కుని, పని మొదలెట్టాడు. షెడ్డు మధ్యలో పొడుగ్గా ఒక గుంత ఉంటుంది. కారు దాని మీద, చక్రాలు అటు ఇటు. మెకానిక్కు కింద నిలబడి పని చేసుకోవడానికి. వెనక వైపు నుంచి దిగడానికి నాలుగు మెట్లు. బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగు ప్లగ్గులూ విప్పి బల్ల మీద పెట్టాడు, హ్యాండిల్ తిప్పితే నూనె చుక్క మిగలకుండా దిగుతుందని. కింద మర విప్పాడు. నల్లటి నూనె... కాటుకలాంటిది... బకెట్లోకి తీగలా దిగింది.

అంతా దిగాక కొత్త ఆయిల్ డబ్బా కోసం చూశాడు.

డబ్బా లేదు.

బల్ల కింద లేదు, బండిలో లేదు. అర్థమైంది. మామ ఎత్తుకుపోయాడు! ఇందాక చేతులు కడుక్కోవడానికి వెనక్కి పోయినప్పుడు వచ్చి పట్టుకుపోయి ఉంటాడు. దయాకర్ ఉన్న తిట్లన్నీ తిట్టాడు. ఈలోపు ఆకాశం నల్లబడింది. వాన మొదలైంది. జల్లు లోపలికి కొడుతోందని షట్టర్ కిందికి లాగాడు. ఇంటికి పోదామంటే వాన. సరే, కింద మర బిగించి పోదామని మళ్లీ గుంతలోకి దిగాడు.

అప్పుడు కరెంటు పోయింది.

చీకటి. రేకుల మీద వాన. గుంత గోడ పట్టుకుని మెట్ల వైపు తిరిగాడు. పాత ఇటుకల గోడ... వాన నీళ్లకు నానిన గోడ... అతని తల పక్కన చిన్నగా చిటపటమంది.

తర్వాత ఏమైందో ఒక్క క్షణంలో అయిపోయింది. గుంత అంచు విరిగింది. వెనక చక్రం జారి మెట్ల మీదికి దిగింది. బండి కడుపు గుంత అంచుల మీద కూలబడింది. పెట్టె మీద మూత పెట్టినట్టు.

దయాకర్ లోపల ఉన్నాడు.

మెట్లకు చక్రం అడ్డం. ముందు వైపు చూస్తే బండికీ నేలకూ మధ్య జానెడు సందు. సన్నటి మనిషైతే పాక్కుంటూ బయటపడేవాడు. చెప్పాను కదా... ఆ పొట్ట. తల పట్టింది, ఒక భుజం పట్టింది. తర్వాత ఇరుక్కుంది. ముందుకూ పోదు, వెనక్కూ రాదు. ఊపిరంతా వదిలేసి, చొక్కా చింపుకుని, మళ్లీ లోపలికే జారాడు.

సెల్‌ఫోను? ఉంది. బల్ల మీద. మోగింది కూడా. స్వర్ణలత చేస్తోంది. చీకట్లో దాని వెలుగు పైకప్పుకు తగిలి వెలిగి ఆరిపోతోంది. మోగింది... ఆగింది... మళ్లీ మోగింది... ఇక మోగలేదు. వానకు ఎక్కడో ఆగి ఉంటాడని అనుకుంది పాపం.

ఆ తర్వాత కాళ్లకు చల్లగా తగిలింది.

నీళ్లు. సందులో వాననీళ్లు షట్టర్ కింద నుంచి వచ్చి గుంతలోకి దిగుతున్నాయి. పక్కనున్న బకెట్ తేలి, ఒరిగి, అందులోని నల్ల నూనె నీళ్ల మీద పరుచుకుంది. మోకాళ్లు దాటాయి. నడుం దాటాయి. దయాకర్ స్పానరు తీసుకుని బండి అడుగున కొట్టడం మొదలెట్టాడు. టక్... టక్... టక్...

బయట ఎవరో పరుగెడుతున్న చెప్పుల చప్పుడు వినిపించింది. షట్టర్ ముందు ఆగింది. వానకు తడవకుండా చూరు కింద నిలబడ్డారు. గొంతు గుర్తుపట్టాడు. చాయ్ దుకాణం కామరాజు! పక్కన ఇంకెవడో.

“అన్నా! కామరాజన్నా! నేను దయాకర్‌ని! షట్టర్ లేపుర్రి!”

బయట గుసగుసలు మొదలయ్యాయి.

“...ఇన్నవా?”

“ఇన్న.”

“దయాకర్ గొంతే గదా?”

“గందుకే చెప్తున్న. గప్‌చుప్ ఉండు. ఎరుకైనోళ్ల గొంతుతోనే పిలుస్తడట. దయాకరే జెప్పిండు నాకు.”

“అన్నా, నేనేనే! నిజంగ నేనే! గుంతల వడ్డ, నీళ్లొస్తున్నయ్!”

“సూడు, ఎట్ల పిలుస్తుండో... పలకకు. పలికినవంటే బండెక్కిస్తడు.”

“అన్నా, గదంత నేను ఉత్తగనే జెప్పిన! రామస్వామి లేడు!”

“వామ్మో... తను లేనని తనే అంటుండు రో!”

ఏం చేస్తాడండీ మనిషి? తన కథే తనకు తాళం వేసింది. ఏం మాట్లాడినా దెయ్యం మాటే. ఏడిస్తే దెయ్యం ఏడుపు.

షట్టర్ కింద సందులోంచి ఏదో లోపలికి తోశారు. కామరాజు గొంతే. “రామస్వామీ... నీకు బీడీలు వెడ్తున్న. మా జోలికి రాకు. ఆంజనేయా... ఆంజనేయా...” చెప్పులు చేతిలో పట్టుకుని ఉరికారు. నీళ్లు తపతపమన్నాయి. అంతే.

కాసేపటికి చీకట్లో దయాకర్ గడ్డానికి ఏదో తగిలింది. చేత్తో తడిమాడు. బీడీ కట్ట. నీళ్ల మీద తేలుతూ వచ్చింది.

నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. పైన బండి, నిటారుగా నిలబడటానికి లేదు. తల పక్కకు వంచి బండి అడుగుకూ నీటికీ మధ్య ఉన్న గాలిలో ముక్కు పెట్టుకుని నిలబడ్డాడు. చాలీసా చదవబోయాడు. చిన్నప్పటి నుంచి వచ్చు. రెండో పాదం గుర్తు రాలేదు. మొదటి పాదమే మళ్లీ మళ్లీ అన్నాడు. భార్య గుర్తొచ్చింది, కూతురు గౌతమి గుర్తొచ్చింది. మామతో ఆడిన మాటలు గుర్తొచ్చాయి. చెయ్యి పైకెత్తి ఇంజన్ అడుగు పట్టుకున్నాడు. పట్టుకోవడానికి ఇంకేమీ లేదు.

నీళ్లు మెడకు తగిలాయి.

అప్పుడు... బండి అంచు చుట్టూ సన్నటి వెలుగు గీత. కరెంటు వచ్చింది.

వెలుగుతో పాటే, నెత్తి మీద...

ఇంజన్ మోగింది.

మెత్తగా. ఒకే తీరుగా. గుడిలో తంబురా మీటినట్టు. చేతి కింద ఇనుము సన్నగా వణుకుతోంది. దయాకర్ కళ్లు మూసుకున్నాడు. ‘వచ్చిండు’ అనుకున్నాడు. తాను పుట్టించినవాడే తన కోసం వచ్చాడు. ఇక ఎక్కించుకుపోతాడు...

అదే సమయంలో సందు చివర ఉప్పలయ్య అన్నం ముందు కూర్చున్నాడు. ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది. చెవి ఒగ్గాడు. ఇంజన్ నడుస్తోంది. ఎలా నడుస్తుంది? పాత నూనె ఈపాటికి దింపేసి ఉంటాడు. పోయడానికి డబ్బా అక్కడ లేదు, తన మంచం కింద ఉంది!

చెయ్యి కడగలేదు. ఎంగిలి చేత్తోనే టార్చి పట్టుకుని వానలో ఉరికాడు. దారిపొడుగునా తిట్లు. “నూనె లేకుండ స్టార్ట్ జేసినవారా! బేరింగులు మాడిపోతయ్‌రా! బంద్ జెయ్! బంద్ జెయ్‌రా!” ఆ కేకలకు వాడకట్టు లేచింది. కామరాజు కూడా దూరంగా తలుపు సందులోంచి చూశాడట.

ఉప్పలయ్య వంగి షట్టర్ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

చప్పుడు ఆగిపోయింది.

బండి వెనక్కి ఒరిగి ఉంది. స్టీరింగ్ ముందు ఎవరూ లేరు. నేలంతా నల్లటి నీళ్లు.

“...మామా.”

“యాడున్నవ్ రా?”

“కింద.”

“కింద ఏం జేస్తున్నవ్?”

“ఈత కొడ్తున్ననే! లేపు!”

అప్పుడు అరిచాడు ఉప్పలయ్య. దయాకర్ గొంతు విని కాదు, మామ గొంతు విని జనం వచ్చారు. జాకీ పెట్టారు, నలుగురు భుజాలు పెట్టారు. కామరాజే ముందు చేయి అందించాడు. పైకి లాగేసరికి నల్ల నూనె పూసుకుని, నోట్లో ఎవరో పెట్టినట్టు బీడీ ఆకు అంటుకుని, రామస్వామి అంటే నిజంగా రామస్వామిలాగే ఉన్నాడట మనవాడు. కామరాజు చేయి వదిలేయబోయి మళ్లీ పట్టుకున్నాడు. స్వామి దయ. బతికాడు.

స్వర్ణలత వచ్చి ఏడ్చి, తిట్టి, తల తుడిచాక ఆ ఇంజన్ మాట వచ్చింది. దయాకర్ నవ్వేశాడు. “టేప్ రికార్డరు! కరెంటు వోయే ముందే బటన్ నొక్కిపెట్టినట్టున్న. కరెంటు వచ్చింది, మోగింది. మామ షట్టర్ గుంజంగనే వైరు కదిలి ఆగింది. నేను వుట్టించిన దయ్యమే నన్ను కాపాడింది!” అందరూ నవ్వారు. అటక మీద రేకు కారి టేప్ రికార్డరు అప్పటికే నీళ్లతో నిండిపోయింది. మర్నాడు దాన్ని తెరిచి చూడకుండానే పాత సామాన్లవాడికి వేసేశాడు.

ఉప్పలయ్య మాత్రం నవ్వలేదు. బల్ల మీదున్న నాలుగు ప్లగ్గుల మీద, అవి లేకుండా ఏ ఇంజనూ మోగదు, టార్చి వేసి చూసి, ఆర్పేశాడు.

తర్వాత చాలా రోజులకు ఈ గుడి మెట్ల మీదే నాతో అన్నాడు. “మూర్తి సార్, గా క్యాసెట్ల చప్పుడు నాకు ఎరుకనే. రోజు ఇనుకుంటనే ఉంట, లెక్క జెయ్య. టిక్ టిక్ అంటది. గది ఇంటే నేను అన్నం ఇడిసిపెట్టి ఎందుకు లేస్త? ఆ రోజు టిక్ టిక్ లేదు సార్. మంచి నూనె వోసి, నెమ్మదిగ పెట్టుకున్న ఇంజన్ ఎట్లుంటదో... గట్ల ఉండె.”

“వాన చప్పుడులో కలిసిపోయిందేమో ఉప్పలయ్యా” అన్నాను.

“అయ్యుంటది” అన్నాడు. కానీ నా మొహం చూడలేదు.

నేనూ ఆయన మొహం చూడలేదు. ఎందుకో చెబుతాను. ఇది దయాకర్‌కు ఇంతవరకు తెలియదు. ఇక్కడ లేడు కదా? వాన కదా, రాలేదు. మంచిది.

ఆ శనివారం మధ్యాహ్నం స్వర్ణలత షెడ్డు నుంచి తిరిగొస్తూ మా ఇంటి ముందు ఆగింది. కొంగు చాటు నుంచి ఒక క్యాసెట్ తీసి ఇచ్చింది. “సార్, భజన రికార్డు జేసుకునేతందుకు క్యాసెట్ గావాలంటిరి గదా. ఇండ్ల ఏదో ఇంజన్ చప్పుడు ఉన్నది. దాని మీద దేవుని పాటలు ఎక్కియ్యిర్రి. ఇగ ఆ సందుల ఆడోళ్లు పిల్లలు భయపడుడు బంద్ గావాలె. ఆయనకు జెప్పకుర్రి” అంది.

చెప్పలేదు. సాయంత్రం భజనలో, ఇదిగో ఈ స్తంభం దగ్గరే, దాన్ని పెట్టి ఎర్ర బటన్ నొక్కాను. నాచారంలో దయాకర్ మెడ దాకా నీళ్లలో ఉన్నప్పుడు, ఆ క్యాసెట్ ఇక్కడ తిరుగుతోంది. టిక్ టిక్ చెరిగిపోయి, దాని మీద మన తాళాలు, మన గొంతులు ఎక్కుతున్నాయి.

ఆ టేప్ రికార్డరులో ఆ వేళ ఏమీ లేదు.

అప్పటి నుంచి ప్రతి శనివారం ఇక్కడ అర్చన చేయిస్తాను. మా గోత్రం, మా ఆవిడ పేరు, పిల్లల పేర్లు చెప్పాక పంతులుగారు అడుగుతారు. “ఇంకెవరైనా ఉన్నారా?”

“రామస్వామి” అంటాను.

“గోత్రం?”

ఏం చెప్పను? పుట్టని మనిషికి గోత్రం ఏముంటుంది? “తెలియదండీ” అంటాను.

“ఎవరండీ ఆయన? మీ బంధువా?”

“కాదండీ” అంటాను. “డ్రైవరు.”